వరస మార్చడం అనే క్రియ

టోక్యో, 1984 ఏప్రిల్ 22

పిన్నికి,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయకపోతే నువ్వు మిగతాది చదవవని అమ్మ అంటుంది. అందుకని రాస్తున్నాను: ఇక్కడ చెర్రీ పూలు రాలిపోయాయి, మా ఆఫీసు మెట్ల నిండా అవే. నిన్న వాటి మీద జారి టీ కప్పుల పళ్ళెంతో సహా కింద పడ్డాను. కప్పులు పగిలాయి, నేను పగల్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. ఇన్నాళ్ళూ ఈ నిఘంటువు ఆఫీసులో నాచేత టీ పెట్టించారు, అచ్చుతప్పులు దిద్దించారు. ఈ వసంతం నుంచి నాకూ మాటలు ఇచ్చారు. హైస్కూలు పిల్లల కోసం వేసే ఇంగ్లీషు నిఘంటువులో 'ఆర్' అక్షరం మాటలు కొన్ని నావి. మొదటి మాట రీఅరేంజ్. క్రియ. అరేంజ్ అంటే అమర్చడం, ముందు 'రీ' తగిలిస్తే మళ్ళీ అమర్చడం. చూడడానికి తేలిక. దానికి అర్థం రాయాలి, వాడుక చూపించే వాక్యాలు రాయాలి.

మా ముఖ్య సంపాదకుడు ఇగరాషి గారు, "వాక్యాలు రోజువారీ జీవితంలోంచి రావాలి, రిత్సుకో గారూ" అంటారు. నా జీవితంలో ఏముంది పిన్నీ? ఒక గది, ఒక బల్ల, ఒక పరుపు. బల్ల జరిపితే పరుపు పట్టదు. నీది పెద్ద ఇల్లు కదా. మనుషులు ఇళ్ళలో వేటిని అటూ ఇటూ మారుస్తారో, ఎందుకు మారుస్తారో కొంచెం రాసి పంపు.

నీ అక్క కూతురు,
రిత్సుకో


సకాతా, మే 6

రిత్సుకోకి,

కప్పులు పగిలితే పగిలాయి, నడుము చూసుకున్నావా? ఉద్యోగంలో చేరి ఇన్నేళ్ళకు ఒక మాట ఇచ్చారా నీకు. ఒక్క మాట. సరే, ఇచ్చారు కదా, గట్టిగా పట్టుకో.

నువ్వు అడిగినవి రాస్తున్నాను. ఊరగాయ జాడీలు ఏటా మారుస్తాను, పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి. గుమ్మంలో చెప్పులు మారుస్తాను, మా మరిది తొకుజి వచ్చినప్పుడల్లా తన బూట్లు అందరి చెప్పుల మీదా విడుస్తాడు గనక. మీ బాబాయ్ పోయాక తనే ఇంటికి పెద్ద. పెద్దరికం బూట్లలోనే ఉందనుకుంటాడు కాబోలు.

మారుద్దామనుకుని మార్చనిది ఒకటుంది. పూజా అల్మరాలో పోయినవాళ్ళ పేరుపలకలు. రోజూ పొద్దున్నే అన్నం, నీళ్ళు పెట్టి గంట కొడతాను. ముందు వరసలో మా అత్తగారు. ఆవిడ బతికున్నప్పుడు ఎంత అడ్డంగా ఉండేదో పలక కూడా అంత అడ్డంగా చేయించారు, బంగారు అక్షరాలతో. ఆవిడ వెనక మామగారు, ఆ వెనక మీ బాబాయ్, ఆఖరున మూలలో నా హత్సుమి. పెళ్ళికాని పిల్ల గనక అక్కడే ఉండాలట. నేను నా కూతురికి దణ్ణం పెట్టాలంటే మెడ ఎడమకి వంచి, అత్తగారి భుజం పక్కనుంచి తొంగి చూడాలి. పందొమ్మిదేళ్ళ పిల్ల. బతికున్నన్నాళ్ళూ ఆవిడ ముందు నోరెత్తలేదు, పోయాక కూడా ఆవిడ వెనకే.

ఇది నీ నిఘంటువుకి పనికిరాదులే. జాడీల గురించి రాసుకో.

మెడ నొప్పితో,
పిన్ని


టోక్యో, మే 29

పిన్నికి,

వాన ఇంకా రాలేదు, ఉక్క మాత్రం వచ్చేసింది.

జాడీలు బాగున్నాయి, ఇగరాషి గారికి కూడా నచ్చాయి. హత్సుమి అక్క సంగతి చదివి ఆ పూట పని చేయలేకపోయాను. చిన్నప్పుడు మీ ఇంటికి వస్తే నన్ను వీపు మీద ఎక్కించుకుని ఓడరేవు దాకా తీసుకెళ్ళేది. దాని గురించి ఎలా రాయాలో తెలియక ఊరుకుంటున్నాను. నన్ను తప్పు పట్టకు.

ఇక్కడ పని తెమలట్లేదు. ఈ వారం చేసినవి రాస్తున్నాను, చదివి ఎలా ఉన్నాయో చెప్పు. నేను గదిలో కుర్చీలన్నీ వేరే వరసలో వేశాను. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు వచ్చే వారానికి మార్చుకున్నాను. వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం బాగోక మా పెళ్ళి శరత్కాలానికి మార్చుకున్నాం.

టపా కట్టేసే వేళయింది.

రిత్సుకో


సకాతా, జూన్ 4

రిత్సుకోకి,

ఎవరతను?

మీ అమ్మకి ఫోన్ చేశాను, దానికీ తెలియదు. అది అక్కడ ఏడుపు, నేను ఇక్కడ. పెళ్ళి కుదిరిందని చెప్పకుండా వాయిదా పడిందని చెప్పే పిల్లను నిన్నే చూశాను. వాళ్ళ నాన్నకేం జబ్బు? నీకేం జబ్బు, డాక్టరు దగ్గరికి దేనికి? వచ్చే వారానికి ఎందుకు మార్చుకున్నావు, జబ్బు నీ తీరిక చూసుకుని వస్తుందా? ఉన్న ఒక్క గదిలో బల్లకే చోటు లేదన్నదానివి, ఇన్ని కుర్చీలు ఎవరికోసం కొన్నావు? పెళ్ళివారికోసమా?

కోపంగా ఉన్నాను. అయినా ఒకటి అడుగుతున్నాను, ఇంగ్లీషులో ఎలా అంటారో రాసి పంపు: "ఒక ముసలమ్మ పూజా అల్మరాలో పేరుపలకల వరస మార్చింది, తన కూతురు కనపడాలని." ఆ మాట ఈ పనికి సరిపోతుందా లేదా, అది నాకు ఖాయంగా తెలియాలి. పలకల మీద దుమ్ము దులపడం అంటారో, పెద్దలను అవమానించడం అంటారో, ఇంకేమంటారో. పేరు తెలిస్తే జవాబు చెప్పడం తేలిక.

ఒళ్ళు జాగ్రత్త. అతని పేరు రాయి.

పిన్ని


టోక్యో, జూన్ 12

పిన్నికి,

అతని పేరు లేదు. అతను లేడు. పెళ్ళీ లేదు, జబ్బూ లేదు, కుర్చీలూ లేవు. అవన్నీ వాక్యాలు పిన్నీ. ఆ క్రియని ఎలా వాడతారో చూపించడానికి కల్పించినవి. "ఈ వారం చేసినవి" అన్నాను కదా, చేసింది వాక్యాలు. అమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి పెళ్ళి లేనందుకు తిట్టింది.

ఇంగ్లీషువాళ్ళు వస్తువుల వరసకీ, తేదీలకీ కూడా అదే మాట వాడతారు. కుర్చీలను మార్చినట్టే రోజుల్నీ మారుస్తారు. అది చూపించబోయి నీ ప్రాణం తీశాను, క్షమించు.

నువ్వు పంపిన వాక్యం మాత్రం నా వాక్యాలన్నిటినీ పక్కకి నెట్టేసింది. మాట సరిగ్గా సరిపోతుంది. మా దగ్గర వాక్యాలు దిద్దే ఇంగ్లీషాయన చదివి, "ఇది ఎవరు రాశారు?" అని అడిగారు. మా పిన్ని, సకాతాలో ఉంటుందన్నాను. ఎంత ఊహ నీది. ఆ తొకుజి గారి కళ్ళ ముందు నిజంగా ఎవరైనా పలకలు కదిపితే ఆయన అక్కడే కూలబడిపోరూ. తల్చుకుంటేనే నవ్వొచ్చింది. ఆ వాక్యాన్ని కార్డు మీద ఎక్కించి ఇగరాషి గారి బల్ల మీద పెట్టాను.

ఇలాంటివి ఇంకా ఏమైనా తోస్తే పంపు.

నవ్వుతూ,
రిత్సుకో


సకాతా, ఆగస్టు 18

రిత్సుకోకి,

ఊహేమిటే? చేశాను. జూన్ నెల మొదట్లోనే చేశాను. నీ కుర్చీలు ఉత్తివి, నా పలకలు నిజం.

ఒక పొద్దున్న గంట కొట్టి, మెడ వంచబోతే మెడ పట్టేసింది. అంతే, ఇక చాలనిపించింది. ఒక్కొక్కటే దించాను. అత్తగారిని వెనక్కి పంపాను, మామగారిని పక్కన పెట్టాను, ఒకళ్ళకొకళ్ళు తోడు. మీ బాబాయ్‌ని కూడా వెనక్కే పంపాను. ఆయన పొడుగు మనిషి, వెనకనుంచైనా చూడగలడు. హత్సుమిని ముందుకు తెచ్చాను. తెచ్చాక ఆ మూలలో, దాని వెనక, ఇంకో పలక ఒక్కటే మిగిలింది, అగ్గిపెట్టె అంత. తొకుజి కొడుకు మసరు. బడికి వెళ్ళే వయసు రాకుండానే జ్వరంతో పోయాడు, గుర్తుందా? తొకుజి ఇంట్లో పూజా అల్మరా లేదు, అందుకని వాణ్ణి మా దాంట్లోనే పెట్టారు. ఒంటరిగా ఎందుకని వాణ్ణి కూడా తెచ్చి హత్సుమి పక్కన నిలబెట్టాను. ఇద్దరు పిల్లలూ ముందు వరస, పెద్దలంతా వెనక వరస. ఫొటో దిగేటప్పుడు మనం పిల్లల్ని అలాగే కదా నిలబెడతాం.

పెద్దల పండక్కి అందరూ వచ్చారు. పోయినవాళ్ళు ఎక్కి రావడానికి దోసకాయ గుర్రం, తిరిగి వెళ్ళడానికి వంకాయ ఆవు చేసి పెట్టాను. తొకుజి ధూపం వేద్దామని కూర్చుని, తల పైకెత్తి, కింద పడ్డ చేపలా నోరు తెరిచాడు.

"వదినా, ఇదేంటి? ఎవరు ముట్టుకున్నారు వీటిని?"

"నేనే ముట్టుకున్నాను. రోజూ తుడిచేది నేనే కదా."

"అమ్మ వెనకుంది."

"బతికున్నప్పుడు ముందే ఉంది కదయ్యా, ఇన్నాళ్ళు చాల్లేదా?"

"వరసంటూ ఒకటుంటుంది. పెద్దలు ముందు, చిన్నవాళ్ళు వెనక. ఇదంతా తలకిందులు చేశావు."

"ఒక్కరినీ బయట పారేయలేదు. ఒక్కరినీ కొత్తగా తేలేదు. ఉన్నవాళ్ళే ఉన్నారు, లెక్క చూసుకో."

చుట్టాలంతా టీ కప్పుల్లోకి చూస్తున్నారు. నా తోడికోడలు కినుయో అల్మరా వంక చూస్తూ గుడ్లు మిటకరించింది. తెల్లగా పాలిపోయింది. నేను చేసిన బీన్సు, చేప, ఏదీ ముట్టుకోలేదు. మొగుడి కంటే ముందు లేచి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళిపోయింది. దానికి నా మీద అంత కోపం ఉందని నాకు తెలియదు. మొగుణ్ణి అంటే పడుతుందా ఎవరికైనా?

తొకుజి మాట ఇది. శరత్కాలపు పూజకి గుడి స్వామివారు వచ్చేలోపు పాత వరసలో పెట్టాలి. పెట్టకపోతే ట్రక్కు తెచ్చి అల్మరా మొత్తం వాళ్ళింటికి పట్టుకుపోతాడు. ఇంటికి పెద్ద అతను, అల్మరా మీద హక్కు అతనిదేనని చుట్టాలు కూడా తలూపారు. పట్టుకుపోతే హత్సుమి బస్సులో గంట దూరం పోతుంది, మళ్ళీ అత్తగారి వెనక్కి. నేను తొంగి చూడడానికి కూడా ఉండదు.

పెట్టను. ఆ మాట మొహాన్నే చెప్పాను.

నీ ఇంగ్లీషు క్రియ నాకు ఉపయోగపడింది. దాని అర్థం పూర్తిగా రాసి పంపు.

పిన్ని


టోక్యో, ఆగస్టు 25

పిన్నికి,

నిజంగానే చేశావా. నేను నవ్వాను, ఇంగ్లీషాయనకి చెప్పి నవ్వించాను కూడా.

పిన్నీ, కోపం తెచ్చుకోకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. పూజ రోజున స్వామివారు ఉన్నంతసేపూ పాత వరసలో పెట్టు. వాళ్ళు వెళ్ళాక నీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకో. అల్మరా నీ దగ్గరే ఉంటుంది, అక్క నీ దగ్గరే ఉంటుంది. ఆ ఒక్క పూట కోసం అంతా పోగొట్టుకుంటావా? కినుయో గారి దగ్గరికి వెళ్ళి ఒక మాట అనేస్తే ఆవిడ కూడా చల్లబడుతుంది.

ఇక్కడ నా సంగతీ అలాగే ఉంది. నీ వాక్యం ఇగరాషి గారు కొట్టేశారు. "పిల్లలు చదివే పుస్తకంలో చావు ఎందుకండీ? ఆమె పూలకుండీలో పూలను మార్చి పెట్టింది అని రాయండి" అన్నారు. అర్థం కూడా దిద్దారు. నేను 'ఉన్నవాటినే వేరే వరసలో పెట్టడం' అని రాస్తే, ఆయన 'చెదిరినవాటిని సరైన వరసలో పెట్టడం' అని మార్చారు. సరేనన్నాను. ఏం చేస్తాం.

రిత్సుకో


సకాతా, ఆగస్టు 30

రిత్సుకోకి,

సరేనన్నావా?

ఒక్క పూట దాచమంటున్నావు. హత్సుమిని నేనేమైనా దొంగతనం చేసి తెచ్చానా, చుట్టాలు రాగానే దాచడానికి? దాని పెళ్ళి మాట్లాడడానికి వచ్చినప్పుడు కూడా ఇంట్లో అందరూ అదే అన్నారు, ఆ ఒక్క పూట దగ్గు ఆపుకోమని. ఆపుకుంది. వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా ఆపుకుని, ఆ రాత్రి రక్తం కక్కుకుంది. నేనూ అప్పుడు సరేనన్నాను. అందుకని ఆ మాట నా దగ్గర అనకు.

కినుయో దగ్గరికి వెళ్ళను. నేను తప్పు చేయలేదు, క్షమాపణ ఎక్కణ్ణుంచి తేను?

నువ్వు మీ ఇగరాషికి జడిసి అర్థం మార్చేస్తే ఆ పుస్తకం చదివే పిల్లలంతా ఏమనుకుంటారు? వరస మార్చిన ప్రతివాళ్ళూ ముందున్నది చెదిరిపోయిందని రుజువు చేసుకోవాలనుకుంటారు. నా ఇంట్లో ఏదీ చెదరలేదు. చక్కగా, ఒద్దికగా, బంగారు అక్షరాలతో ఉంది. నాకు నా కూతురు కనపడలేదు, అంతే.

వంకాయలు ఊరవేసి పంపుతున్నాను. కోపంగా ఉన్నా పంపుతున్నాను.

పిన్ని


టోక్యో, సెప్టెంబరు 14

పిన్నికి,

వంకాయలు అందాయి. నువ్వు అన్నవీ అందాయి. దగ్గు సంగతి నాకెవరూ చెప్పలేదు. నీకు ఏం రాయాలో మూడు రోజులు తెలియలేదు, నాలుగో రోజు ఇగరాషి గారి దగ్గరికి వెళ్ళాను.

"మీరు దిద్దిన అర్థం తప్పు" అన్నాను. ఆఫీసంతా టైపు చేయడం ఆపేసింది. ఈ క్రియ ముందున్న వరస తప్పని అనదు, ఇప్పుడున్న వరస ఒప్పనీ అనదు, ఎవరికో ఒకరికి మరోలా కావాల్సి వచ్చిందని మాత్రమే చెబుతుంది, అన్నాను. ఏదీ పోకూడదు, ఏదీ కొత్తగా రాకూడదు, చోట్లు మారాలి. అంతే దాని అర్థం.

"మీకు ఎవరు చెప్పారు?" అన్నారాయన.

"మా పిన్ని."

"ఆవిడ ఏ విశ్వవిద్యాలయం?"

"సకాతాలో ఇంటి దగ్గరే ఉంటారు" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆగలేదు. "చావు వద్దంటున్నారు, 'డి' అక్షరం దగ్గర డెత్ అనే మాటకి పేజీకి పేజీ ఇచ్చారు కదండీ, అక్కడ పిల్లలు చదవరా?" అన్నాను. ఇంగ్లీషాయన తన బల్ల దగ్గరనుంచే, అర్థం రిత్సుకో గారు చెప్పిందే సరైనది, వాక్యం కూడా ఉంచితే మంచిదన్నారు. ఇగరాషి గారు కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. అర్థం నాది ఉంచారు. వాక్యం కొట్టేశారు. కొట్టేసిన కార్డు మీద నేను సంతకం పెట్టనన్నాను. వచ్చే నెల నుంచి నన్ను మళ్ళీ అచ్చుతప్పుల బల్లకి మార్చారు. మార్చితే మార్చారు. టీ మాత్రం ఇక పెట్టనని కూడా అదే వేడిలో చెప్పేశాను.

ఆ రోజు రాసిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. పలకలు కదపకు. పూజకి సెలవు దొరకలేదు, దొరికుంటే వచ్చి ఆ ట్రక్కు ముందు కూర్చునేదాన్ని. ఏమైందో వెంటనే రాయి.

రిత్సుకో


సకాతా, సెప్టెంబరు 24

రిత్సుకోకి,

ముందు చెప్పాల్సింది ముందు చెబుతున్నాను, నువ్వు గాభరా పడకుండా. అల్మరా ఇక్కడే ఉంది.

నిన్న పొద్దున్నే తొకుజి ట్రక్కు తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. కట్టడానికి తాళ్ళు, చుట్టడానికి దుప్పట్లు, అన్నీ సిద్ధం. చుట్టాలు వచ్చారు, స్వామివారు వచ్చారు. నేను నల్ల కిమోనో కట్టుకుని అల్మరా పక్కన కూర్చున్నాను. పలకలు నేను పెట్టిన వరసలోనే ఉన్నాయి.

"వదినా, ఆఖరిసారి అడుగుతున్నాను, మారుస్తావా?"

"మార్చడం అయిపోయింది తొకుజీ. ఇంక నేను మార్చను."

స్వామివారు గొంతు సవరించుకుని, "మామూలుగా పెద్దలు ముందుంటారమ్మా" అన్నారు మెల్లగా. "తెలుసు స్వామీ" అన్నాను. అంతకంటే ఏమంటాను?

తొకుజికి నా మీద చెయ్యి వేసి పక్కకి జరపడం కుదరదు, అందరూ చూస్తున్నారు. పెళ్ళాం వైపు తిరిగాడు. "కినుయో, నువ్వు వెళ్ళి పాత వరసలో పెట్టు."

కినుయో లేచింది. నా పక్కనుంచే వెళ్ళింది, నా వంక చూడలేదు. నేనూ చూడలేదు. దాని చేతులు పట్టుకుని ఆపుదామా అనిపించింది, ఆపలేదు. వెళ్ళి గుడ్డ పరిచి పలకలన్నీ ఒక్కొక్కటే దించింది. కిమోనో అంచుతో కాదు, శుభ్రమైన తెల్లటి రుమాలు తెచ్చుకుంది, దానితో తుడిచింది. మా అత్తగారిని తీసుకుని వెనక పెట్టింది. మామగారిని పక్కన పెట్టింది. మీ బాబాయ్‌ని వెనక పెట్టింది. హత్సుమిని ముందు పెట్టింది. ఆ చిన్న పలకని చాలాసేపు చేతిలోనే ఉంచుకుని, హత్సుమి పక్కన పెట్టింది.

"ఏం చేస్తున్నావే నువ్వు?" అన్నాడు తొకుజి.

"కనపడేలా పెడుతున్నానండి" అంది. గొంతు కూడా పెంచలేదు. "మన ఇంటికి పట్టుకుపోతే అక్కడా ఇలాగే పెడతాను. మీరు వెనక్కి పెడితే నేను మళ్ళీ ముందుకి పెడతాను. రోజూ."

వచ్చి నా పక్కన కూర్చుంది. నేనే చెవిలో అడిగాను, "పండగ రోజు తినకుండా లేచి పోయావు, నా మీద కోపమనుకున్నాను కదే."

"కోపమేమిటక్కా" అంది. "వాడి పేరు చదివి ఇన్నేళ్ళయింది. అంత దగ్గరగా చూసేసరికి ముద్ద దిగలేదు. నీకు చెబుదామంటే ఏడుపొస్తుందని చెప్పకుండా పోయాను." నెల పైన దాన్ని నేను మనసులో తిట్టుకున్నవన్నీ గుర్తొచ్చాయి. దాని చెయ్యి పట్టుకున్నాను. రాయిలా ఉంది, అంత గట్టిగా బిగించి కూర్చుంది పాపం.

స్వామివారు మంత్రాలు మొదలుపెట్టారు. మొదట ధూపం వేయాల్సింది ఇంటికి పెద్ద. తొకుజి లేచి వెళ్ళి అల్మరా ముందు కూర్చున్నాడు. ఎప్పుడూ తల వంచుకుని ధూపం వేసి వచ్చేసేవాడు, ముందున్నది వాళ్ళమ్మ గనక. ఇప్పుడు తల ఎత్తితే ఎదురుగా కొడుకు. కదల్లేదు. స్వామివారు ఒక వరస చదివి, ఇంకా లేవలేదేమని ఆ వరసే మళ్ళీ చదివారు. తొకుజి చెయ్యి చాచాడు. వెనక్కి తోసేస్తాడనుకుని కినుయో సగం లేచింది, నేనూ లేచాను.

మసరు పలక కొంచెం పక్కకి తిరిగి ఉందట. రెండు చేతులతో పట్టుకుని, తనకి ఎదురుగా ఉండేలా తిప్పి పెట్టాడు.

పిన్ని, సుమియె